జనాభా లెక్కల్ల అడిగినవన్నీ చెప్పాల్సిందేనా? ఓనర్ ముందట కులం అడిగితే ఎట్ల?

పానగల్ పోరడు (నల్లగొండ):

అన్నలు అక్కలు, జర తెలిసినోళ్లు చెప్పుండ్రి. మేం నల్లగొండల కిరాయికి ఉంటున్నం, నేను, నా భార్య, పాప. మాది లవ్ మ్యారేజి, కులాలు వేరు. ఇల్లు చూస్తానికి పోయినప్పుడు ఓనర్ ఆంటీ "మీరేంటోళ్లు బాబూ" అని అడిగితే ఏదో మాట చెప్పి దాటేసిన, ఆమెకు ఏమర్థమైందో ఏమో ఇల్లైతే ఇచ్చింది. 2024 నవంబర్ల రాష్ట్రం కులగణన సర్వే అయింది కదా, అప్పుడొచ్చిన మేడం గేటుకాడనే నిలబడి గట్టిగ అడుగుడు మొదలువెట్టింది, కులమేంది, భూమి ఎంత, అప్పులున్నయా, ఎక్కడ తీసుకున్నరు, ఆధార్ నంబర్ చెప్పుండ్రి అని. మా ఆంటీ పైన బట్టలారేస్తున్నట్టు చేసుకుంట అన్నీ వింటున్నది. కొన్ని చెప్పిన, కులం కాడికి వచ్చేసరికి "అది రాయకుండ్రి మేడం" అన్న. ఆమె కూడ ఏమనలే, స్టిక్కర్ అంటిచ్చి పోయింది.

ఇప్పుడు సెంటర్ జనగణన అంటున్నరు, అండ్ల గూడ కులం అడుగుతరంట, చెప్పకుంటే కేసైతదని మా ఆఫీసుల ఒకాయన భయపెడుతున్నడు. నిజమేనా? ప్రైవసీ మన హక్కని సుప్రీంకోర్టు చెప్పింది కదా, మరి చెప్ప అంటే తప్పెట్లయితది? ఇంకోటి, మా అవ్వ మునుగోడు దిక్కు ఊర్ల ఒక్కతే ఉంటది, ఫ్రిడ్జున్నదని రాస్తే బియ్యం కార్డు, పింఛను తీసేస్తరని ఇప్పట్నుంచే రంధి వడుతున్నది. ఆమెకేం చెప్పాలె?

సర్కారు బడి పంతులు (సూర్యాపేట):

తమ్ముడూ, నేను 2011 జనగణన రాసిన, 2014 సమగ్ర కుటుంబ సర్వే రాసిన, మొన్నటి కులగణన గూడ రాసిన, ఈసారి మా పేరు రాకుండ ఉంటే కొబ్బరికాయ కొట్టాలె. ముందు ఒకటి అర్థం చేసుకో, రాష్ట్రం చేసిన సర్వే వేరు, సెంటర్ చేసే సెన్సస్ వేరు. సెన్సస్‌కు 1948 నాటి చట్టం ఉన్నది. అండ్ల 8వ సెక్షన్ ఏం చెప్తదంటే అడిగిన ప్రశ్నకు తెలిసినంత వరకు జవాబు చెప్పాల్సిందే. చెప్పకపోయినా, కావాలని అబద్ధం చెప్పినా 1000 రూపాయల దాక జరిమానా. జైలంటున్నడా మీ ఆఫీసాయన, జైలు ఉన్నది, కాని అది మీకు కాదు మాకు. మేం రాసుకున్న సంగతి బయట చెప్తే మూడేండ్ల దాక. మీరు చెప్పకుంటే ఒట్టి ఫైనే, అది గూడ ఇన్నేండ్లల్ల ఒక్కరికి పడంగ నేను చూడలే. తలుపు తియ్యకుంటే మల్లొస్తం, మల్లొస్తం, ఆఖరుకు సూపర్‌వైజర్‌ను తీసుకొస్తం, అంతే.

అదే సెక్షన్ల ఒక ముచ్చట ఉన్నది, వింటే నవ్వొస్తది. ఆచారం ప్రకారం పెనిమిటి పేరు నోటితోని చెప్పని ఆడమనిషిని ఆ పేరు చెప్పుమని బలవంతం చెయ్యొద్దంట. 1948ల రాసిన్రు, ఇప్పటికీ ఉన్నది. 2011ల మాకు ఊర్లల్ల ఇది రోజూ పడేది, పెద్దమ్మను మొగని పేరడిగితే సిగ్గుపడి మనుమణ్ని పిలుస్తది, ఆ పోరడేమో "తాత" అంటడు గని పేరు తెల్వది.

ఇగ కులం సంగతి. మొదటి విడతల, అంటే ఇండ్ల లెక్క రాసేటప్పుడు, ఇంటిపెద్ద ఎస్సీనా ఎస్టీనా వేరేనా అనే వరకే అడుగుతరు. ఆ విడతల 33 ప్రశ్నలున్నయి, గోడ దేనిది, కప్పు దేనిది, నీళ్లెక్కడివి, లెట్రిన్ ఉన్నదా, గ్యాసా కట్టెలా, టీవీ, సెల్లు, బండి, కారు, ఏ బువ్వ తింటరు, ఇట్లాంటివి. జీతమెంత, అప్పెంత, బ్యాంకు ఖాతా నంబరేంది అని లేదు, ఆధార్ అడగరు. మనిషి మనిషికి కులం రాసేది రెండో విడత, 2027 ఫిబ్రవరిల. దేశమంత అన్ని కులాల లెక్కలు తీసి అచ్చేసింది ఆఖరుకు 1931ల, అప్పుడు మనం నిజాం కింద ఉన్నం. ఎస్సీ ఎస్టీలను మాత్రం ప్రతిసారి రాస్తనే ఉన్నరు.

చెర్వుగట్టు భక్తుడు:

పంతులుగారు ఫైను 1000 అంటున్నరు, మా గల్లీల హెల్మెట్ లేకుంట పోతే గూడ అంతకంటే ఎక్కువ భయం వేస్తది 😂

కోస్గి బిడ్డ (పాలమూరు):

ఏమనుకోకుండ్రి గని ఈ ప్రైవసీ ముచ్చట చూస్తే నాకు జర నవ్వొస్తది, జర మంట గూడ పుడ్తది. మాకాడ ఎవ్వలూ "నన్ను రాయకుండ్రి" అనరు, "నన్ను రాసిండ్రా లేదా" అని అడుగుతరు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజుల సమగ్ర సర్వే అన్నప్పుడు గుర్తున్నదా, ముంబై నుంచి, పుణె నుంచి బస్సుల మీద, రైళ్లల్ల నిలబడి వచ్చిన్రు మావోళ్లు. మేస్త్రీలు పని ఇడిసి, కూలి పోగొట్టుకొని, చార్జీలు వెట్టుకొని. ఎందుకు, ఆ రోజు ఇంట్ల కనవడకుంటే ఇగ ఊర్ల లేనట్టే, కార్డు పోతది, పింఛను పోతది అన్న భయానికి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లల్లనేమో మొన్నటి సర్వేకు గేటు గూడ తియ్యలే. ఒకే సర్కారు, ఒకే ఫారం, ఒకలకు చెప్తే పోతదని భయం, ఒకలకు చెప్పకుంటే పోతదని భయం.

నాకున్న రంధి వేరే. జనాభా లెక్క ఫిబ్రవరిల తీస్తరు, 2011ల గూడ ఫిబ్రవరి 9 నుంచి 28 దాక తీసిన్రు. ఫిబ్రవరి అంటే మా దిక్కు వలస పోయే కాలం. ఎవుసం పని అయిపోయి ఇంటికి తాళమేసి పోతరు, ముసలోళ్లుంటరు లేకుంటే వాళ్లూ ఉండరు. రూలు ప్రకారం ఏడున్నోళ్లను ఆడ్నే రాయాలె, బిల్డింగు కట్టేకాడ గుడిసెలల్ల ఉన్నా రాయాలె. కాని బెంగళూరుల లెక్క రాసేటాయన మావోళ్ల గుడిసెకాడికి పోతడా? అడ్రస్ లేని రేకుల షెడ్డుకు నంబరేస్తడా? ఇక్కడ తాళం, అక్కడ కనవడరు. పాత మహబూబ్‌నగర్ జిల్లకు 2011ల 40 లక్షల యాభై వేల జనమని లెక్క వచ్చింది, చదువొచ్చినోళ్లు 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంల అన్నిటికంటే కింద. ఆ లెక్క ఉండవట్టే కదా మన బళ్ల గురించి ఇంతమంది మాట్లాడింది. ఇప్పుడా జిల్ల అయిదు ముక్కలైంది, నారాయణపేట 2019ల వచ్చింది, దేనికీ సొంత జనగణన లెక్క లేదు, ఇంకా 2011నే కోసి పంచుకుంటున్నరు.

బియ్యం సంగతి గూడ అంతే. సెంటర్ మన రాష్ట్రంల కోటి 91 లక్షల మందికే బియ్యమిస్తది, అది 2011 జనాభా మీద కట్టిన లెక్క. తర్వాత పుట్టిన పోరలు ఆ కోటల లేనే లేరు. రాష్ట్రం తన పైసలు కలిపి ఇస్తున్నది కాబట్టి సరిపోయింది. నీ కులం ఆంటీకి తెలిస్తే ఇబ్బందే, కాదనను అన్నా, కాని మొత్తానికే చెప్పను అంటే మాత్రం నాకు మనసొప్పుతలేదు.

పానగల్ పోరడు:

కోస్గి అన్నా నువ్వు చెప్పింది కరెక్టే, నేను లెక్కకు ఎదురు కాదు. లెక్క కావాలె, గేటుకాడ పంచాయితీ వద్దు. మన జిల్లల వేరే కులం పిల్లను చేసుకున్నోళ్లకు ఏమైందో నీకు తెల్వంది కాదు. చట్టంల బయట చెప్పొద్దని రాసి ఉండొచ్చు, కాని వినేటోళ్లకు చట్టం లేదు కదా. పైన నిలబడి విన్న ఆంటీకి ఏ సెక్షన్ వర్తిస్తది?

పేరు వద్దు (హాలియా దిక్కు):

కొత్త ఐడీ చేసుకొని రాస్తున్న, ఎందుకంటే నా ముచ్చట మా ఊర్ల అందరికీ తెలుసు గని ఎవ్వలూ బయటికి అనరు. మా తాత కాలం నుంచి చర్చికి పోతున్నం. సర్టిఫికెట్ల హిందూ ఎస్సీ అని ఉంటది. 1950ల రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు, తర్వాత 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవులను కలపలే. మతం మారిన ఎస్సీలంటే మన రాష్ట్రంల బీసీ-సీ. ఇప్పుడు చెప్పుండ్రి, సెన్సస్ ఆయన వచ్చి "మతం?" అంటడు. క్రిస్టియన్ అంటే ఎస్సీ అని రాయడు. హిందూ అంటే నేను ఆదివారం ఏడికి పోతనో ఆయనకు తెలుసు, మా ఊరి పంతులే కదా వచ్చేది. చెప్పకపోతే ఫైను, అబద్ధం చెప్తే ఫైను, నిజం చెప్తే ఏం పోతదో తెల్వది. ప్రైవసీ అంటే ఏసీ రూములోళ్ల ముచ్చటని పైన అన్నకు అనిపిస్తున్నది, మాకైతే అది కడుపుకూటి ముచ్చట.

సర్కారు బడి పంతులు (సూర్యాపేట):

హాలియా తమ్ముడూ, నీ బాధకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నదని చెప్తే అది అబద్ధం. ఒకటి మాత్రం గట్టిగ చెప్తా. సెన్సస్‌ల రాసింది సర్టిఫికెట్ కాదు. 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డును ఎవ్వరూ తెరిచి చూడరాదు, కోర్టుల సాక్ష్యంగ పెట్టరాదు. ఎమ్మార్వో ఆఫీసోళ్లు "నువ్వు జనగణనల ఇట్ల చెప్పినవు" అని నీ కులం సర్టిఫికెట్ ఆపలేరు. బయటికొచ్చేది ఊరికి ఇంతమంది, మండలానికి ఇంతమంది అన్న మొత్తం లెక్కనే, పేర్లు రావు. ఆ మొత్తంల నిన్ను ఏ గంపల వేస్తరన్నది నువ్వన్నట్టు చిక్కే. ఇక ఊరి పంతులే వస్తడన్నది నిజమే, ఊరి గురించి తెలిసినోన్నే పంపాలని వాళ్ల ఆలోచన, తెలిసినోడైతే చెప్పుడు కష్టమని వాళ్లకు తట్టలే.

హుజూర్‌నగర్ టు హైటెక్ సిటీ:

లేటుగ వచ్చిన, డేటా పనిల ఉన్న కాబట్టి కొంచెం పొడుగ్గ రాస్త ఓపికతోని చదువుండ్రి.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు కలిసి ప్రైవసీ ప్రాథమిక హక్కన్నది నిజం. కాని అదే తీర్పుల హద్దు గూడ చెప్పిన్రు, చట్టం ఉండాలె, సరైన అవసరం ఉండాలె, ఆ అవసరానికి మించి గుంజొద్దు అని. సెన్సస్‌కు చట్టమున్నది, అవసరమున్నది, కాబట్టి "నా హక్కు, నేను చెప్పను" అని కోర్టుకు పోతే నిలబడుడు కష్టం. 2023ల వచ్చిన డేటా చట్టం గూడ గణాంకాల పనికి మినహాయింపు ఇచ్చింది.

ఇప్పుడు అసలు ముచ్చట, మీ అవ్వ భయం. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయకుండ్రి. మన రాష్ట్రంల 19 లక్షల దాక రేషన్ కార్డులు నోటీసు లేకుండ కట్ అయినయి. ఎట్ల అయినయి? ఎవ్వలూ ఇంటికి వచ్చి ఫ్రిడ్జున్నదా అని అడగలే. సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది, అది బండ్ల రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్, ఆస్తి పన్ను లాంటివన్నీ ఒకకాడ కలిపి ఇగో ఈయనకు కారున్నది అని తేల్చేస్తది. పేరు కలిసిందని కారు లేనోళ్లకు గూడ కారు అంటగట్టిన కేసులున్నయి. 2022ల సుప్రీంకోర్టు ఇంటింటికి పోయి మల్ల చూడుండ్రి అని చెప్తే గాని కదల్లే. అంటే అవ్వ కార్డు పోయేదుంటే ఆమె చెప్పిన దానితోని కాదు, ఆమెను అడగకుండనే ఆడీడ జమైన డేటాతోని పోతది. అందరం గేటుకాడ అడిగేటాయనను చూసి భయపడుతున్నం, ఆయన రాసుకుపోయేదానికే కనీసం ఒక తాళమున్నది. తాళం లేని డబ్బాలు వేరే ఉన్నయి, సిమ్‌కు, స్కీముకు, మెంబర్‌షిప్ కార్డుకు మనమే నింపిచ్చినవి.

అట్లని సెన్సస్‌ను గుడ్డిగ నమ్ముమంటలే. 2010ల ఇండ్ల లెక్క రాసేటప్పుడే ఎన్‌పీఆర్ (జాతీయ జనాభా రిజిస్టర్) ఫారం గూడ నింపిచ్చుకున్నరు. ఒకటే మనిషి, ఒకటే రోజు, రెండు ఫారాలు. ఆ రెండోది పౌరసత్వ చట్టం కిందిది, దానికి 15వ సెక్షన్ రక్షణ లేదు. జనానికేమో రెండూ ఒకటే అనిపించినయి. కాబట్టి ఎవరొచ్చినా ఇది ఏ చట్టం కింద అడుగుతున్నరు సార్ అని ఒక్కమాట అడుగుండ్రి. ఈసారి యాప్‌ల రాస్తరు, ఇంటి లొకేషన్ గూడ ఎక్కుతది, అది గూడ రాసేటోళ్ల సొంత ఫోన్లల్ల. ఆ ఫోన్లు ఎంత భద్రమో ఆలోచిస్తే నాకైతే నిద్ర పట్టదు.

కోస్గి బిడ్డ (పాలమూరు):

సొంత ఫోనా? మా వదిన అంగన్‌వాడీల చేస్తది, ఆమె ఫోన్ల ఇప్పటికే ఉన్న యాప్‌లకే జాగ లేదు 🙏

కోదాడ అన్న (టొరంటో):

ఇక్కడ కెనడాల ఒక తమాషా జరిగింది చెప్తా. ఇక్కడి జనగణనల పెద్ద ఫారం ఒకటుంటది, బెడ్రూములెన్ని, ఆఫీసుకు పొద్దున ఎన్నిటికి పోతరు ఇసొంటివన్నీ అడుగుతది, నింపాల్సిందే. 2010ల అప్పటి సర్కారు ఇది జనం ప్రైవసీల వేలు పెట్టుడని చెప్పి 2011కు ఇష్టమున్నోళ్లే నింపుండ్రి అన్నది. గణాంకాల శాఖ పెద్దాఫీసరు రాజీనామా చేసి పోయిండు. 2006ల 94 శాతం దాక నింపినోళ్లు 2011ల 69 దగ్గరికి పడిపోయిన్రు. చాలా చిన్న ఊర్ల లెక్కలు నమ్మేటట్టు లేవని అచ్చెయ్యనే లేదు. 2015ల సర్కారు మారంగనే మల్ల తప్పనిసరి చేసిన్రు. ఇష్టం మీద ఇడిస్తే ముందుగాల మాయమయ్యేది బీదోళ్లు, చిన్న ఊర్లు, కొత్తగ వచ్చినోళ్లే. అందుకే నేను తప్పనిసరి దిక్కే.

పేరు వద్దు (హాలియా దిక్కు):

టొరంటోల ఓనర్ ఆంటీ మీదికెళ్లి కులం వింటదా అన్నా?

కోదాడ అన్న (టొరంటో):

దానికి నా దగ్గర జవాబు లేదు తమ్మీ. అయినా ఇక్కడి మనోళ్ల పార్టీలల్ల రెండో ప్రశ్న అదే, ఇంటిపేరేంది అని.

దేవరకొండ తండా:

నాదొక చిన్న ప్రశ్న, ఎవ్వలూ పట్టించుకోరు అనుకుంట గని అడుగుతున్న. మాతృభాష అని అడుగుతరు, మేం లంబాడి అని చెప్తం, మా ఇంట్ల మాట్లాడేది గోర్ బోలి. ఆఖరుకు లెక్కలు అచ్చేసినప్పుడు మమ్మల్ని హిందీ కింద కలుపుతరు. మా నాయనమ్మకు హిందీల ఒక్క ముక్క రాదు. నిజం చెప్పుమని చట్టం పెట్టిన్రు, చెప్పిన నిజాన్ని ఏ డబ్బల వేసేది వాళ్ల ఇష్టమా?

అంగన్‌వాడీ అక్క (నాగర్‌కర్నూల్):

అందరూ చట్టాలు మాట్లాడుతున్నరు, పాపం మొదలు అడిగిన తమ్మునికి పని జరిగే దారి ఎవరూ చెప్పలే. ఈసారి మనమే ఫోన్ల నింపుకునే సౌకర్యం పెట్టిన్రు. ఇంటికి వచ్చే ముందుగాల కొన్ని రోజులు ఆ వెబ్‌సైటు తెరిచి ఉంటది, తెలుగుల గూడ ఉన్నది. నీ నంబరుకు ఓటీపీ వస్తది, అన్నీ ఇంట్ల కూసోని నింపినవనుకో, చివరికి ఒక నంబర్ ఇస్తది. మేం గేటుకాడికి వచ్చినప్పుడు ఆ నంబర్ చూపిస్తే సరిపోతది, మళ్ల నోటితోని ఒక్కొక్కటి అడిగే పనుండదు. మీ ఆంటీ ఎన్ని బట్టలారేసినా ఏం వినవడదు. ఫిబ్రవరిల కులం రాసేటప్పుడు గూడ గట్లనే చెయ్యి. అది కుదరకుంటే "మేడం లోపలికి రాండ్రి, నీళ్లు తాగుండ్రి" అను, లోపల చెప్పు. ఎండల తిరిగొచ్చినోళ్లకు ఆ ఒక్కమాట చాలు, మేమూ మనుషులమే. మొన్నటి సర్వేల కొందరు కుక్కను ఇడిసిన్రు, కొందరు రోడ్డు మీదనే అడుగు అన్నరు, లోపలికి రమ్మన్నోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రోడ్డు మీద గట్టిగ అడిగినమని మమ్ముల అంటున్నరు, లోపలికి రానియ్యంది ఎవరు?

మీ అవ్వకు గూడ ఒక మాట చెప్పు తమ్మీ, ఆమెను మోసం చేసేటోడు ఫోన్ల వస్తడు, ఇంటికి రాడు. "జనగణన నుంచి మాట్లాడుతున్నం, ఓటీపీ చెప్పు, ఖాతా నంబర్ చెప్పు" అంటే ఫోన్ పెట్టెయ్యమను. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కు ఫోన్ చెయ్యాలె. ఫ్రిడ్జు గురించి రంధి వద్దు, అసలు వాళ్లడిగేదాంట్ల ఫ్రిడ్జు లేనే లేదు.

పానగల్ పోరడు:

అక్కా నీకు దండం, ఇది తెల్వక ఇన్ని రోజులు తల పట్టుకున్న. అవ్వకు పొద్దున ఫోన్ చేసి ఫ్రిడ్జు అడగరంట అని చెప్పిన, "మరి టీవీ?" అన్నది. టీవీ అడుగుతరన్న. "అయితే ఆ రోజు టీవీ మీ చిన్నమ్మోళ్ల ఇంట్ల పెడ్త" అంటున్నది, ఎంత చెప్పినా వినదు. కార్డుకు దానికి సంబంధం లేదని పంతులుగారే వచ్చి చెప్పాలె ఇగ.

ఇంకొక డౌటు, ఫోన్ల నింపేటప్పుడు ఇంటిపెద్ద పేరు రాయాలె కదా, మొదటి విడతల ఆ ఇంటిపెద్ద కులమే అడుగుతరంటిరి. మా ఇంట్ల ఇద్దరివి వేర్వేరు, ఎవరిది రాయాలె? కిరాయి అగ్రిమెంట్ నా పేరు మీద ఉన్నది.

సర్కారు బడి పంతులు (సూర్యాపేట):

అగ్రిమెంట్‌తోని సంబంధం లేదు. ఇంట్లోళ్లు ఎవర్ని పెద్ద అనుకుంటే వాళ్లే పెద్ద, మొగాయనే ఉండాలని రూలేం లేదు, సంపాదించేటోళ్లే ఉండాలని గూడ లేదు. మీరిద్దరు మాట్లాడుకొని ఎవరి పేరు రాసినా నడుస్తది. మీ అవ్వ ఒక్కతే ఉంటది కాబట్టి ఆ ఇంటికి ఆమెనే పెద్ద, ఆమె ఫారంల నీ పేరు రాయొద్దు, నువ్వు నల్లగొండల రాయించుకుంటవు. 2014ల ఒకే మనిషిని రెండు ఊర్లల్ల రాయించిన్రు, ఆ తలనొప్పి మల్ల మాకు పెట్టకుండ్రి.